పండగ సరుకుల లిస్టు మూడు వారాల ముందే స్టోర్ బల్ల మీద పెట్టండి

మీరు అడిగింది ఇదీ: మీ కాలనీలో 260 కుటుంబాలు తలా ఒక వాటా వేసుకుని పెట్టుకున్న సహకార స్టోర్స్ ఉంది. మామూలు నెలల్లో ఎలాగో నెట్టుకొస్తోంది. దసరా మొదలుకుని సంక్రాంతి దాకా, అసలు బేరాలు జరగాల్సిన రోజుల్లోనే, సభ్యులు పెద్ద మార్ట్‌లకీ ఫోన్ యాప్‌లకీ వెళ్లిపోతున్నారు. ఈ సంక్రాంతికైనా స్టోర్‌నీ, చుట్టుపక్కల చిన్న కొట్లనీ ఎలా నిలబెట్టుకోవాలి, ధర పది రూపాయలు ఎక్కువైనా అక్కడే కొనాలా అని అడిగారు.

గుంటూరు జిల్లాలో ఒక చిన్న ఊళ్లో ఇలాంటి స్టోర్స్‌కే నేను 14 ఏళ్లు పనిచేశాను. మొదట కోశాధికారిగా, తర్వాత కార్యదర్శిగా. రెండుసార్లు మూసేద్దామన్న మాట వచ్చింది, రెండుసార్లూ నిలబడింది. ఆ అనుభవంతో మొదటే ఒక మాట చెబుతాను. స్టోర్‌ని ఆదుకోవడమంటే ఎక్కువ కొనడం కాదండి. ముందుగా చెప్పి, ముందుగా డబ్బు కట్టి కొనడం. పండగ ముందు రోజు వచ్చి జాలితో రెండు వేల సరుకు కొన్న సభ్యుడి కన్నా, మూడు వారాల ముందు లిస్టు ఇచ్చి వెయ్యి రూపాయలు అడ్వాన్సు కట్టిన సభ్యురాలు స్టోర్‌కి ఎక్కువ మేలు చేసినట్టు.

ఎందుకో చెబుతాను. పెద్ద మార్ట్‌కి కంపెనీల వాళ్లు సరుకు దింపి, డబ్బు తర్వాత తీసుకుంటారు. మన స్టోర్ కార్యదర్శి హోల్‌సేల్ కొట్టుకి వెళ్తే నగదుకి ఒక రేటు, అరువుకి ఒక రేటు చెబుతారు. పైగా పండగ దగ్గర పడేకొద్దీ నువ్వులు, బెల్లం, నూనె, శనగపిండి రేట్లు ఎక్కుతుంటాయి. అంటే చేతిలో డబ్బుండి డిసెంబరు ఆఖరులో కొన్నవాడికి ఒక ధర, జనవరి రెండో వారంలో అప్పు చేసి కొన్నవాడికి ఇంకో ధర. స్టోర్‌లో రేటు ఎక్కువగా ఉందని మీరు అనుకునే సరుకులో చాలాసార్లు అసలు సంగతి ఇదే. కార్యదర్శి చేతకానితనం కాదు, గల్లాపెట్టెలో డబ్బు లేకపోవడం.

రెండోది, ఎంత తేవాలో తెలియకపోవడం. ఇది ఇంకా పెద్ద టెన్షన్. నాలుగు బస్తాల మినప్పప్పు తెస్తే రెండు మిగిలాయి అనుకోండి, వేసవి వచ్చేసరికి పురుగు పడుతుంది. మిగులుతుందని భయపడి రెండే తెస్తే, భోగి ముందు రోజు వచ్చిన సభ్యురాలు ఖాళీ అరలు చూసి వెనక్కి పోతుంది. ఒకసారి అలా పోయినవాళ్లు మళ్లీ రావడానికి ఏడాది పడుతుంది.

లెక్క వేసి చూడండి. మీ 260 ఇళ్లలో 100 ఇళ్లు తలా 3,000 రూపాయల పండగ సరుకుకి ముందే మొత్తం డబ్బు కట్టారనుకుందాం. 3 లక్షలు చేతికొస్తాయి. నగదు మీద వ్యాపారి నూటికి రెండు తగ్గించినా 6,000 మిగులు. అంతకన్నా ముఖ్యం, ఆ 100 ఇళ్లకి ఎన్ని కిలోల బెల్లం, ఎన్ని కిలోల నువ్వులు కావాలో కాగితం మీద ఉంటుంది. మిగిలిపోతుందన్న భయం ఉండదు. కార్యదర్శి రాత్రి నిద్రపోతాడు. నేను చాలా సంక్రాంతులు నిద్రపోలేదు కాబట్టి చెబుతున్నాను.

ఇక్కడ మా బెల్లం సంగతి చెప్పాలి. మీ స్టోర్‌కి యాప్‌లకి లేని బలం ఎక్కడుందో దీంట్లో తెలుస్తుంది. ఒక ఏడాది మేము బజారులో పచ్చగా మెరిసిపోతున్న బెల్లం చూసి మోజుపడి ఎక్కువ దిమ్మలు తెచ్చాం. చూడ్డానికి బంగారంలా ఉంది. భోగికి నాలుగు రోజుల ముందు ఉదయాన్నే ఒకావిడ స్టీలు గిన్నె మూతపెట్టి పట్టుకుని స్టోర్‌కి వచ్చారు. మూత తీస్తే లోపల అరిసెల పిండి, ముద్దగా కాదు, జావలా ఉంది. “పాకం ఎంతసేపు తిప్పినా ఉండ కట్టలేదు నాయనా, నూనెలో వేస్తే విడిపోతోంది, రెండు కిలోల బియ్యం దండగైపోయాయి” అన్నారు. మధ్యాహ్నానికి ఇంకో ముగ్గురు వచ్చారు. రంగు కోసం మందు ఎక్కువ కలిపిన బెల్లం అది. అందరికీ డబ్బు వెనక్కిచ్చాం, బియ్యం మళ్లీ ఇచ్చాం. ఆ ఏడాది పండగ లాభం మొత్తం దాంతోనే పోయింది.

మరుసటి ఏడు నుంచి పద్ధతి మార్చాం. లాటు కొనేముందు ఒక్క దిమ్మ మాత్రం తెస్తాం. అరిసెలు బాగా చేసే ఇద్దరు సభ్యుల ఇంటికి చెరో అరకిలో ఇస్తాం. వాళ్లు పాకం పట్టి, పళ్లెంలో నీళ్లు పోసి ఒక చుక్క వేసి, వేళ్లతో ఉండ చేసి చూస్తారు. ఉండ మెత్తగా నిలిస్తే లాటు కొంటాం, నీళ్లలో కరిగిపోతే వదిలేస్తాం. అనకాపల్లి బెల్లమైనా, ఇంకెక్కడిదైనా ఈ పరీక్ష తప్పదు. రంగు కాస్త ముదురుగా ఉన్నా పాకం కుదిరితే చాలు. స్టోర్ బయట బోర్డు మీద “ఈ బెల్లంతో పాకం పట్టి చూశాం” అని రాసి పెట్టేవాళ్లం. ఆ ఒక్క లైను కోసం సభ్యులు కానివాళ్లు కూడా వచ్చి కొన్నారు. యాప్‌లో ఎన్ని చుక్కల రేటింగ్ ఉన్నా, మన వీధిలో అరిసెలు చేసే ఆవిడ “బాగుంది” అన్న మాటకి సాటి రాదు. మీ స్టోర్‌లో ఇలాంటి చేతులు ఎన్ని ఉన్నాయో ముందు వెతకండి.

ఆర్డర్ పద్ధతి ఎలా పెట్టాలంటే, ఒకే ఒక్క కాగితం. 15 సరుకులకి మించకుండా: అరిసెల బియ్యం, బెల్లం, నువ్వులు, నెయ్యి, మినప్పప్పు, శనగపప్పు, శనగపిండి, వేరుశనగ నూనె, పంచదార, జీడిపప్పు, యాలకులు, ఎండుకొబ్బరి ఇలా. పక్కన కిలోలు రాసుకునే గడి, కింద సభ్యత్వ నంబరు. డిసెంబరు 15 కల్లా ఇంటింటికీ చేరాలి. 24 సాయంత్రానికి లిస్టు, కనీసం సగం డబ్బు స్టోర్‌కి రావాలి. నెలాఖరుకి సరుకు దిగాలి. జనవరి మొదటి వారంలో తూచి సంచులు కట్టి, 8, 9 తేదీల్లో ఇచ్చేయాలి. పిండివంటలు మొదలయ్యేది అప్పుడే కదా. వాట్సాప్‌లో పెడితే సరిపోతుందని మీ కుర్రాళ్లు అంటారు. పెట్టండి, కానీ కాగితం మానకండి. పండగ లిస్టు రాసే అత్తగార్లు, అమ్మలు కాగితం మీదే రాస్తారు, ఫ్రిజ్ మీద అతికించుకుంటారు.

సంచులు కట్టడానికి సభ్యులు సాయం రావడం మంచిదే. ఆదివారం రెండు గంటలు ఇద్దరు ముగ్గురు వచ్చి లిస్టు చదువుతూ ఉంటే, ఒకరు కాటా దగ్గర, ఒకరు సంచి దగ్గర ఉంటే పని పరుగెత్తుతుంది. పిల్లలు కూడా వస్తారు, స్టోర్ తమదన్న భావం వాళ్లకి అక్కడే పుడుతుంది. ఒక్క జాగ్రత్త: సభ్యులు ఉచితంగా చేస్తున్నారని చెప్పి స్టోర్‌లో పనిచేసే అమ్మాయికీ, గుమాస్తాకీ ఓవర్‌టైమ్ ఎగ్గొట్టకండి. పండగ వాళ్లకీ ఉంది. భోగి మధ్యాహ్నం స్టోర్ మూసేసి వాళ్లని ఇంటికి పంపండి.

ఇక ధర విషయం. పది రూపాయలు ఎక్కువైనా స్టోర్‌లోనే కొనాలా? నేను కొనమని చెప్పను. సెంటిమెంటు మీద నడిచే స్టోర్ రెండేళ్లకి మించి బతకదు. కానీ పోల్చేటప్పుడు ఒక్క సరుకుతో పోల్చకండి. మార్ట్ వాళ్లు పంచదారో, నూనెప్యాకెట్టో రెండు మూడు వస్తువులు కొన్న ధరకే, ఒక్కోసారి ఇంకా తగ్గించి బయట పెద్ద బోర్డు పెడతారు. ఆ బోర్డు చూసి లోపలికి వెళ్లినవాళ్లు మిగతా 20 వస్తువులు కూడా అక్కడే వేసుకుంటారు. వాళ్ల లాభం ఆ 20లో ఉంది. కాబట్టి మీ పండగ లిస్టు మొత్తం రెండు చోట్లా ధర కట్టి చూడండి. మా కమిటీలో ప్రతి దసరాకీ ఇదే పనిచేసి, రెండు బిల్లులూ పక్కపక్కన నోటీసు బోర్డులో అతికించేవాళ్లం. మా దగ్గర ధర ఎక్కువున్న సరుకు సంగతి దాచలేదు. “ఈ నూనె అక్కడ చవక, అక్కడే కొనుక్కోండి” అని మేమే రాశాం. నమ్మకం దాంతోనే పెరిగింది.

చాలామందికి తెలియని ఇంకో విషయం ఉంది. కంపెనీ సబ్బులు, బిస్కెట్లు, టీపొడి మీద చిన్న స్టోర్‌కి మిగిలేది చాలా తక్కువ. విడిగా తూచి ఇచ్చే పప్పులు, నువ్వులు, బెల్లం, మిరపకాయలు, చింతపండు, పసుపు మీదే కాస్త మార్జిన్ ఉంటుంది. “నేనూ స్టోర్‌లో కొంటున్నాగా” అని రెండు షాంపూ బాటిళ్లు కొని, పప్పులు మాత్రం మార్ట్‌లో తెచ్చుకుంటే స్టోర్‌కి ఒరిగేదేం లేదు. తలకిందులు చెయ్యండి. పప్పూ బెల్లం స్టోర్‌లో, ఆఫర్ ఉన్న షాంపూ మీ ఇష్టమొచ్చిన చోట.

బిల్లు మీద మీ సభ్యత్వ నంబరు వేయించుకోవడం మర్చిపోకండి. ఏడాది చివర మిగులు వస్తే కొనుగోళ్లను బట్టి రిబేటు పంచే పద్ధతి మీ బైలాలో (సంఘం నియమాల పుస్తకంలో) ఉందేమో చూసుకోండి. ఉంటే, నంబరు లేని బిల్లు లెక్కలోకి రాదు. రద్దీలో గుమాస్తా అడగడు, మీరే చెప్పాలి.

ఈ రిబేటు, నగదు వ్యాపారం, సరైన తూకం అన్నవి మనం కనిపెట్టినవి కావు. ఇంగ్లండులో రోచ్‌డేల్ అనే ఊళ్లో 28 మందితో మొదలైన సంఘం 1844 డిసెంబరు 21న, క్రిస్మస్‌కి నాలుగు రోజుల ముందు, టోడ్ లేన్ అనే వీధిలో కొట్టు తెరిచింది. వాళ్లలో చాలామంది నేత పనివాళ్లు. వారానికి రెండేసి పెన్నీలు కూడబెట్టి తలా ఒక పౌను, మొత్తం 28 పౌన్లు పోగుచేశారు. కొట్టులో ఉన్నది కాస్త వెన్న, పంచదార, గోధుమ పిండి, ఓట్ల పిండి, కొవ్వొత్తులు. అంతే. కల్తీ ఉండకూడదు, తూకం తగ్గకూడదు, అరువు ఇవ్వకూడదు, మిగిలింది కొన్నదాన్ని బట్టి పంచుకోవాలి అని నియమం పెట్టుకున్నారు. ప్రపంచంలో సహకార సంఘాలన్నీ ఇవాళ్టికీ ఆ కొట్టు పేరే చెప్పుకుంటాయి. పండగ ముందు తెరిచిన ఆ కొట్టులో సరుకు తక్కువే, కానీ అరువు బేరం లేదు. నేను కార్యదర్శిగా ఉన్నన్నాళ్లూ ఈ సంగతి ప్రతి మహాసభలో చెప్పాను.

అరువు గురించి గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మా స్టోర్ రెండుసార్లు మునిగేదాకా వచ్చింది, రెండుసార్లూ పండగ అరువు వల్లే. “జీతం పడగానే కట్టేస్తాం” అన్న మాట మీద దసరాకి ఇచ్చిన సరుకు డబ్బులు ఉగాదికి కూడా రాలేదు. ఎవరూ మోసగాళ్లు కారు, అందరూ తెలిసినవాళ్లే. అదే చిక్కు. తెలిసినవాళ్లని గట్టిగా అడగలేం. మీకు స్టోర్‌లో పాత బాకీ ఉంటే, ఈ పండగకి మీరు చేయగల మొదటి సాయం అది తీర్చేయడం. నిజంగా ఇబ్బందిలో ఉన్న ఇల్లు ఉంటే కమిటీ కూర్చుని, ఒక చిన్న మొత్తం విడిగా పెట్టి, ఇంత దాకా ఇవ్వొచ్చు అని రాసుకుని ఇవ్వాలి. గుమాస్తా మొహమాటం మీద వదిలేయకూడదు.

మీ స్టోర్ ఏ చట్టం కింద రిజిస్టరైందో కూడా కనుక్కోండి. 1964 సహకార చట్టం కిందా, లేక 1995 పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కిందా అన్నది బోర్డు మీదో, బైలా మొదటి పేజీలోనో ఉంటుంది. 1995 చట్టం కింద ఉంటే ప్రభుత్వ వాటా ఉండదు. మూలధనమంతా సభ్యుల నుంచే రావాలి. అప్పుడు పండగ అడ్వాన్సులతో పాటు, స్తోమత ఉన్నవాళ్లు అదనంగా ఒకటో రెండో వాటాలు తీసుకోవడం కూడా పెద్ద ఊతం. వరంగల్ వైపు ముల్కనూరు రైతుల సహకార సంఘం చూడండి. అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి గారి పూనికతో 1956లో మొదలై ఇవాళ్టికీ నడుస్తోంది. అక్కడ సభ్యుడు అప్పు కోసం మాత్రమే సంఘానికి రాడు. ఎరువు అక్కడే కొంటాడు, ధాన్యం అక్కడే వేస్తాడు. అదే ప్రాంతంలో ఆడవాళ్లు 2000లో పెట్టుకున్న పాల సంఘం కూడా అలాగే నిలబడింది. ఏడాది పొడవునా రాకపోకలు ఉన్నచోట పండగ విడిగా సమస్య కాదు.

చుట్టుపక్కల చిన్న కొట్ల సంగతికి వద్దాం. స్టోర్‌కీ వీధి చివర కిరాణా కొట్టు ఆయనకీ పోటీ పెట్టకండి. ఆయన రాత్రి పదింటికి కూడా తలుపు తీస్తాడు, మన స్టోర్ తీయదు. అమ్మడంలో ఇద్దరికీ చోటుంది. అసలు సాయం వేరే చోట కావాలి.

పిండి మరనే తీసుకోండి. సంక్రాంతి ముందు వారం తడి బియ్యం ఆడించడానికి అందరూ ఒకేసారి వెళ్తారు. తడి పిండి మరకి అంటుకుంటుంది, ప్రతిసారీ తుడవాలి, పొడి పిండికి వచ్చినవాళ్లు విసుక్కుంటారు. మేము మర ఆయనతో మాట్లాడి రెండు రోజులు ఉదయం తడి బియ్యానికి, సాయంత్రం పొడి పిండికి అని పెట్టించాం. ఏ వీధి ఏ రోజో ఆర్డర్ కాగితం వెనకే అచ్చువేశాం. ఆయనకి ఆ రోజులు నిండా పని, మనకి క్యూ లేదు. ఒక్క రూపాయి చందా ఇవ్వకుండా చేసిన సాయం ఇది. మర మీద తెల్లటి పిండి పట్టిన చేత్తోనే ఆయన మరుసటి ఏడు వాటా దరఖాస్తు మీద సంతకం పెట్టాడు.

టైలర్ కూడా అంతే. పండగకి వారం ముందు జాకెట్ గుడ్డ పడేసి, “ఎల్లుండికి కావాలి” అంటే ఆ మనిషి రాత్రులు మేల్కొని కుడతాడు, నాణ్యత పోతుంది, మనమే తిడతాం. నెల ముందు ఇవ్వండి, సగం డబ్బు అప్పుడే ఇవ్వండి. దీపావళికి ప్రమిదలు, వినాయక చవితికి మట్టి విగ్రహాలు చేసే కుమ్మరి వాళ్లకి కూడా ముందు చెప్పడమే కావాలి, ఎందుకంటే మట్టి ఆరాలి, కాల్చాలి. వాన పట్టుకుంటే ఆరదు. రోడ్డు పక్క గుడ్డ పరుచుకుని కూర్చున్నావిడ దగ్గర డజను ప్రమిదలకి ఐదు రూపాయలు బేరం చేయకపోవడం కూడా సాయమే, కానీ నెల ముందు స్టోర్ తరఫున 200 డజన్లు చెప్పి అడ్వాన్సు ఇవ్వడం ఇంకా పెద్ద సాయం.

బంధువులకి, ఆఫీసుల్లో ఇచ్చే పండగ కానుకలు మరో మంచి దారి. ఆత్రేయపురం పూతరేకులు, బందరు లడ్డు, కొండపల్లి బొమ్మలు, జీసీసీ (గిరిజన సహకార సంస్థ) వాళ్ల తేనె, అరకు కాఫీ ఇవన్నీ స్టోర్‌లో ఒక బల్ల మీద పెడితే ఎవరైనా కొంటారు. గిరిజన సహకార సంస్థ 1956 నుంచి మన్యం సరుకు కొంటూ ఉంది. మనది కూడా సహకార స్టోరే కాబట్టి అది మనింట్లో చుట్టం లాంటిది. కోస్తాలో సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే ఇళ్లకి కొండపల్లి బొమ్మ ఇస్తే అది ప్రతి ఏడూ మెట్టు మీద నిలబడుతుంది. ఒక్కటే షరతు: చేసినవాళ్లకి సరుకు దించిన రోజే డబ్బు ఇవ్వండి. “అమ్ముడుపోయాక ఇస్తాం” అంటే మన బరువు వాళ్ల నెత్తిన పెట్టినట్టే. మార్ట్ కంపెనీలతో చేసేదే మనం వీళ్లతో చేయకూడదు.

అపార్ట్‌మెంట్ వాచ్‌మన్లకీ, పనివాళ్లకీ పండగ మామూలు స్టోర్ కూపన్ల రూపంలో ఇద్దామని ఎవరో ఒకరు అంటారు. మా దగ్గరా అన్నారు. నేను ఒప్పుకోలేదు. వాళ్లకి ఊరికి బస్ ఛార్జీలు కావాలి, పిల్లల బట్టలు కావాలి. నగదే ఇవ్వండి.

యాప్‌లు వాడేవాళ్లతో మాత్రం గొడవ పెట్టుకోకండి. ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్లే ఇళ్లలో రాత్రి తొమ్మిదింటికి పాలప్యాకెట్టు తెప్పించుకుంటారు, తప్పేం లేదు. వాళ్లని అడగాల్సింది ఒక్కటే: పండగ లిస్టు మాకివ్వండి, సంచి మీ గుమ్మం దాకా తెచ్చిస్తాం అని. ఆటో ఒకటి రెండు రోజులు మాట్లాడుకుంటే చాలు. మా దగ్గర మొదటి ఏడాది 41 లిస్టులు వచ్చాయి. కమిటీలో కొందరు నీరసపడ్డారు. ఆ 41 ఇళ్లకీ చెప్పిన తేదీకి, చెప్పిన తూకంతో సంచులు చేరాయి. మూడో ఏడాదికి కాగితాలు అయిపోయి మళ్లీ అచ్చువేయించాం.

మీరు ఈ వారమే మొదలుపెట్టండి. కార్యదర్శి గారిని అడిగి పోయిన సంక్రాంతి అమ్మకాల పుస్తకం తీయించండి, ఏది ఎంత పోయింది, ఏది మిగిలింది రాసుకోండి. ఆ రెండు వరసలు చూస్తే మీ కాగితం మీద ఏ 15 సరుకులు ఉండాలో తేలిపోతుంది. బెల్లం దిమ్మ తెచ్చాక పాకం పట్టి చూడటానికి ఇద్దరి పేర్లు కూడా ఇప్పుడే అనుకోండి.